టెక్ సందేహాలు: ఫిల్ము పల్చనైతే ఫ్రేములు దగ్గరపడతాయా?

ప్రశ్న: నా పాత 6×6 (6 సెంటీమీటర్ల చదరపు ఫ్రేముల) కెమెరా, ఫిల్ము తిప్పుతుంటే ఫ్రేముకో చోట తనంతట తానే ఆగుతుంది. ఈమధ్య పాలియెస్టర్ బేస్ (ఫిల్ముకు ఆధారమైన ప్లాస్టిక్ పొర) ఉన్న 120 రోలు (వెనక కాగితంతో కలిపి చుట్టిన ఫిల్ము) వేస్తే చివరి ఫ్రేములు ఒకదానిపై ఒకటి ఎక్కాయి. ఫిల్ము పల్చగా ఉండటమే కారణమా?

కొంతవరకు కావచ్చు. తప్పంతా ఫిల్ము మీదకే నెట్టేయకండి.

ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి ఫిల్ము ఎంత జరిగిందో తెలీదు. చుట్టుకునే స్పూలు ఎంత తిరిగిందో మాత్రమే లెక్కపెడతాయి. ఫిల్ము చుట్టుకునేకొద్దీ స్పూలు లావెక్కి, ఒక్కో చుట్టులో ఎక్కువ ఫిల్మును లాగుతుంది. అందుకే ఫ్రేము ఫ్రేముకీ తిప్పే కోణం తగ్గేలా గేర్లు అమర్చారు. ఆ తగ్గింపు ఫలానా మందానికి సరిపోయేలా ముందే కుదిర్చింది. ఫిల్ము పల్చనైతే స్పూలు అనుకున్నంత లావెక్కదు, చివర్లో ఫ్రేముల మధ్య ఖాళీలు తగ్గుతాయి.

ఎంత తగ్గుతాయి? ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 120 రోలు బేస్ మందం 0.11 మిల్లీమీటర్లు. మీది 0.10 అనుకుందాం. పది చుట్లకు వ్యాసంలో తేడా 0.2, చుట్టుకొలతలో సుమారు 0.6 మిల్లీమీటర్లు. చివర్లో ఒక్కో ఫ్రేముకు దాదాపు ఒక చుట్టు పడుతుంది కాబట్టి ఖాళీ తగ్గేదీ అంతే. మామూలుగా ఉండే కొన్ని మిల్లీమీటర్ల ఖాళీని అది మింగేయలేదు.

కాబట్టి కడిగిన నెగెటివ్‌పై ఖాళీలు స్కేలుతో కొలవండి. మొదటి నుంచి చివరికి క్రమంగా తగ్గుతూ వస్తే మందం ప్రభావం ఉన్నట్టే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో ఒకటి మాయం అంటే గేరో క్లచ్చో అరిగింది, మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. (రోలు వదులుగా చుట్టుకుంటే స్పూలు ఇంకా లావెక్కి ఖాళీలు పెరుగుతాయి. మీ సమస్య అది కాదు.)

మందమే కారణమైతే, పాత బ్యాకింగ్ పేపర్ (ఫిల్ము వెనక ఉండే కాగితం) ముక్కను ఖాళీ స్పూలుకు రెండు మూడు చుట్లు చుట్టి, దాని చివరికి కొత్త రోలు కాగితాన్ని టేపుతో అంటించండి. ఖాళీలన్నీ కాస్త పెరుగుతాయి. మరీ మందంగా చుడితే ఆఖరి ఫ్రేముకు ఫిల్ము చాలదు.

ప్రశ్న: తాతగారి రోలీఫ్లెక్స్ ఆటోమాట్‌లో రోలు ఎక్కడా ఆగకుండా చివరిదాకా తిరిగిపోయింది. ఎందుకు?

1937లో వచ్చిన ఈ కెమెరా గొప్పతనమే మందాన్ని తడిమి చూడటం. కాగితం రెండు చిన్న రోలర్ల మధ్య నుంచి వెళ్తుంది. కాగితానికి ఫిల్ము అంటించిన చోట మందం పెరగ్గానే లెక్క మొదలవుతుంది. మీరు కాగితాన్ని ఆ రోలర్ల మధ్యకు కాకుండా పైనుంచి పోనిచ్చి ఉంటారు. ముందు అదే చూడండి, మరమ్మతు మాట తర్వాత.

ప్రశ్న: ఎర్ర కిటికీ (వెనక కాగితంపై ఫ్రేము నంబర్లు చూసే రంధ్రం) ఉన్న ఫోల్డింగ్ కెమెరాలో 220 రోలు వాడొచ్చా?

వద్దు. 220లో ఫిల్ము వెనక కాగితం ఉండదు. కిటికీలోంచి వెలుగు పడి ఫిల్ము పాడవుతుంది, చదవడానికి నంబర్లూ ఉండవు.