పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సముద్రం అడుగుకు తీసుకువెళ్ళే చిన్న టార్చి

ప్రశ్న: నేను పుదుచ్చేరిలో ఓపెన్ వాటర్ స్కూబా శిక్షణ పూర్తి చేశాను. త్వరలో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళుతున్నాను. పగడపు దిబ్బల సందుల్లోకి చూడడానికి అరచేతిలో ఇమిడే టార్చి ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పెట్టె మీద 3000 ల్యూమెన్లు, 2 గంటల వెలుగు, ఐపీఎక్స్8 అని వ్రాసి ఉంది. లోపల 18650 అనే రకం రీచార్జబుల్ లిథియం సెల్ ఒకే ఒకటి ఉంది. సముద్రం లేని మన ఊరిలో దీనిని ముందుగా పరీక్షించుకునే మార్గం ఉన్నదా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉన్నది. అయితే కాంతి బలాన్ని చెప్పే ల్యూమెన్ల లెక్కను కాసేపు పక్కన పెట్టండి. డైవింగ్ టార్చిలో ముందుగా చూడవలసినది నీరు లోపలికి చొరబడుతుందా అన్నది, ఆ తరువాత వెలుగు ఎంతసేపు నిలుస్తుందన్నది. కాంతి బలం ఈ రెండింటి తరువాతనే.

ఐపీఎక్స్8 అంటే, తయారీదారు తానే నిర్ణయించి చెప్పిన లోతులో, చెప్పినంతసేపు మునిగి ఉన్నా వస్తువు చెడదని అర్థం. కాబట్టి లోతు ఎంతో, సమయం ఎంతో చెప్పకుండా ఆ గుర్తు ఒక్కటే ముద్రించి ఉంటే దానిని నమ్ముకుని నీటిలోకి దిగడం నా దృష్టిలో సరికాదు. మీ శిక్షణ ప్రకారం మీరు 18 మీటర్ల వరకు దిగవచ్చు, వినోద డైవింగ్‌కు గరిష్ఠ హద్దు 40 మీటర్లు. టార్చి కనీసం ఆ 40 మీటర్లకైనా తగినదని లోపలి కాగితంలో స్పష్టంగా ఉండాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 4 సెంటీమీటర్ల వెడల్పున్న ముందు అద్దం మీద 30 మీటర్ల లోతున పడే నీటి బరువు సుమారు 38 కిలోలు. ఆ బరువును ఆపుతూ నీటిని బయటే ఉంచేది ఓ-రింగ్, అంటే అతుకుల దగ్గర సీలుగా ఉండే సన్నని రబ్బరు ఉంగరం. సీలు పోతే సబ్‌మర్సిబుల్ మోటారుకు ఏమవుతుందో బోరు బావుల మీద బ్రతికే మన జిల్లా రైతులకు నేను చెప్పనవసరం లేదు.

ఓ-రింగ్‌ను వేలితో తడిమి చూడండి. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు అడ్డుపడినా నీటికి దారి దొరుకుతుంది. ఒకటి కంటే రెండు ఓ-రింగ్‌లు ఉన్న టార్చి మేలు. తరువాత సెల్ తీసివేసి, లోపల మడిచిన టిష్యూ కాగితం ఉంచి, మూత బిగించి, ముందు ఒక రాత్రంతా బకెట్ నీటిలో ముంచి ఉంచండి. ఇది చిన్నపిల్లల పరీక్షలా అనిపించవచ్చు. కానీ లోతున నీటి పీడనమే ఓ-రింగ్‌ను గాడిలోకి నొక్కి పట్టి ఉంచుతుంది గనుక, ఆ ఒత్తిడి లేని పైనీటిలోనే కారే టార్చిలు చాలా ఉంటాయి. బకెట్‌లో నెగ్గితే బావికి తీసుకువెళ్ళండి. నేను చంద్రగిరి వైపు ఒక మిత్రుని వ్యవసాయ బావిలో, వానలకు నీరు బాగా చేరిన రోజుల్లో ఈ పని చేశాను: మీటరుకొక ముడి వేసిన తాడుకు టార్చినీ ఒక రాయినీ కట్టి, నీటి మట్టం నుండి 10 మీటర్ల కిందికి దింపి, అరగంట తరువాత పైకి లాగి, బయట బాగా తుడిచి, మూత తెరిచి కాగితం చూశాను. మంచినీటి ఒత్తిడి ఉప్పునీటి కంటే స్వల్పంగా తక్కువే గాని, ఈ పరీక్షకు ఆ తేడా లెక్కలోకి రాదు. గట్టు లేని బావి దగ్గరకు మాత్రం ఒంటరిగా వెళ్ళకండి.

ఇక పెట్టె మీది అంకెలు. పేరున్న తయారీదారుల మంచి 18650 సెల్‌లో సుమారు 3500 మిల్లీ యాంపియర్ గంటల సామర్థ్యం, అంటే దాదాపు 12.6 వాట్ గంటల శక్తి ఉంటుంది. ఇటువంటి టార్చిలలో ఒక వాట్‌కు 100 ల్యూమెన్లు వస్తాయనుకుంటే 3000 ల్యూమెన్లకు 30 వాట్లు కావాలి. ఆ లెక్కన సెల్ పాతిక నిమిషాలకే ఖాళీ అవుతుంది. కాబట్టి ఒకే సెల్‌తో 3000 ల్యూమెన్లు 2 గంటలపాటు వెలగడం జరగని పని. టార్చిలకు వాడే ఎఫ్‌ఎల్1 ప్రమాణంలో కూడా, వెలుగు మొదటి దానిలో పదో వంతుకు తగ్గేవరకు గడిచిన సమయాన్నంతా వెలిగే సమయంగానే లెక్కిస్తారు. చీకటి గదిలో టార్చిని బకెట్ నీటిలో ముంచి పైకప్పు వైపు వెలిగించి, ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్‌ను మార్చకుండా పది నిమిషాలకొక ఫోటో తీయండి. వెలుగు ఎప్పుడు పడిపోతున్నదో మీ కళ్ళతోనే చూస్తారు. ఒక డైవ్ సాధారణంగా ముప్పావు గంట నుండి గంట వరకు సాగుతుంది గనుక, గంటపాటు తగ్గకుండా నిలిచే 1000 ల్యూమెన్లే మీకు ఎక్కువ ఉపయోగం. బయట గాలిలో ఎక్కువసేపు వెలిగించకండి. నీరు చల్లబరుస్తుందన్న లెక్కతోనే ఈ టార్చిలను తయారు చేస్తారు.

కాంతి పుంజం ఇరుకుగా ఉండాలి. తిరుమల ఘాట్ రోడ్డులో మంచు కమ్మినప్పుడు హై బీమ్ వేస్తే ఎదుట తెల్లని తెర నిలబడినట్టే, నలక ఎక్కువగా ఉన్న నీటిలో వెడల్పాటి వెలుగు తిరిగి కంట్లోనే పడుతుంది. వెడల్పు కాంతి వీడియో తీసేవారికి తగినది. పగటి డైవ్‌లో కూడా టార్చి ఎందుకంటే, ఎరుపు రంగును నీరు మొదటి కొన్ని మీటర్లలోనే మింగివేస్తుంది. దగ్గరగా వెలుగు వేసినప్పుడే బూడిద రంగులో కనిపించిన పగడం తన అసలు ఎరుపును చూపుతుంది. ఆ క్షణం కోసమే ఇంత శ్రమ పడవచ్చునని నా నమ్మకం.

ప్రశ్న: నొక్కే స్విచ్ మంచిదా, తిప్పే స్విచ్ మంచిదా? రేణిగుంట నుండి విమానంలో తీసుకువెళ్ళనిస్తారా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: టార్చి ఒంటికి రంధ్రం పెట్టకుండా అయస్కాంతంతో పనిచేసే స్విచ్ నాకు ఎక్కువ నచ్చుతుంది. తలను తిప్పితే వెలిగేవి కూడా మన్నుతాయి గాని, తిప్పిన ప్రతిసారీ ఓ-రింగ్ ఒరుసుకుంటుంది. విమానంలో విడి లిథియం సెల్‌లను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. సెల్‌ను టార్చి నుండి తీసి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతి సంచిలో ఉంచుకోండి. డైవింగ్ టార్చి తీసుకువెళుతున్నట్టు విమాన సంస్థకు ముందే తెలిపి అనుమతి పొందండి.

ప్రశ్న: డైవ్ తరువాత టార్చిని ఎలా శుభ్రం చేయాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: మూత తెరవకుండానే మంచినీటిలో అరగంట నానబెట్టి, స్విచ్‌ను అనేకసార్లు కదిపి, ఉప్పు కరిగాక నీడలో ఆరనివ్వండి. తరువాత తలను కిందికి వంచి మూత విప్పి, సెల్ తీసి, ఓ-రింగ్‌కు తయారీదారు సూచించిన గ్రీజునే పలుచగా పూయండి. వంటనూనె, వాహనాల గ్రీజు వాడకండి. లోపల తడి కనిపిస్తే ఆ సెల్‌ను మళ్ళీ చార్జ్ చేయవద్దు.