ఎండాకాలంలో మూత్రం ముదురు పసుపు రంగులో ఎందుకు వస్తుంది?

మే నెల ఎండలో తిరిగొచ్చాక మూత్రం కొంచెమే, నువ్వుల నూనె రంగులో వస్తుంది. మనవాళ్లు "వేడి చేసింది" అంటారు. అసలు సంగతి, కిడ్నీలు నీళ్లు పొదుపు చేస్తున్నాయి.

వెన్నెముకకు అటూ ఇటూ, పిడికిలంత ఉండే ఈ రెండు కిడ్నీల్లో ఒక్కోదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టే అతి చిన్న జల్లెడల్లాంటివి) ఉంటాయి. ఇవన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. అదంతా బయటికి పోతే మనిషి బతకడు! అందుకే 99 శాతం తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన లీటరున్నర మాత్రమే మూత్రనాళాల గుండా మూత్రాశయంలోకి దిగుతుంది.

చెమటలు పట్టి ఒంట్లో నీళ్లు తగ్గగానే మెదడు దగ్గర ఏడీహెచ్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాంతో కిడ్నీలు ఇంకాస్త నీటిని వెనక్కి లాగేసుకుంటాయి. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే యూరోబిలిన్ అనే పసుపు పదార్థం మాత్రం తగ్గదు. తక్కువ నీళ్లలో అంతే రంగు కలిస్తే ముదురుగా కనిపించక ఏం చేస్తుంది? (బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నా పసుపుపచ్చగానే వస్తుంది, కంగారు పడకండి.)

నీళ్లు, మజ్జిగ బాగా తాగాక రంగు తేలిపోతే టెన్షన్ అక్కర్లేదు. తాగినా డికాక్షన్ రంగులోనో ఎర్రగానో వస్తుంటే, పాదాలు వాస్తుంటే వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.