రివోక్ అంటే రద్దు చేయడమేనా? క్యాన్సిల్‌కీ దానికీ తేడా ఏంటి? "రైలు టికెట్‌ని రివోక్ చేశాను" అని రాశాను, సరైనదేనా?

డిక్షనరీ చూస్తే రెండింటికీ రద్దు అనే ఉంటుంది, మీ తికమక అందుకే. నాది అమలాపురం, దస్తావేజులు రాసే చోట పనిచేస్తాను, పొద్దున లేస్తే ఈ మాటలతోనే పని.

ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకుంటే అది రివోక్. ముందు మీరు ఎవరికో ఒక అధికారమో అనుమతో ఇచ్చి ఉండాలన్నమాట. మా కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కదా, కొబ్బరితోట చూసుకోమని తమ్ముడికో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తమ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాసిచ్చి విమానం ఎక్కేస్తారు. ఆమధ్య కువైట్ నుంచి వచ్చిన ఒకావిడ, మరిది తోటని బేరం పెట్టాడని తెలిసి బ్యాగు కూడా దించకుండా మా బల్ల దగ్గరకొచ్చి "బాబూ, ఇది క్యాన్సిల్ చేసి పడెయ్యి" అంది. "అలాగేనండి, కాగితం మీద మాత్రం రివొకేషన్ అని రాస్తాం" అన్నాను. రాతకోతలు అయ్యాక లేవబోతుంటే ఆపాను, ఎందుకంటే కాగితం రిజిస్టరైతే సరిపోదు. కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం మరిదికి ఆ సంగతి తెలిశాకే అతని వరకు రద్దు అమల్లోకి వస్తుంది, కొనేవాళ్ల విషయంలో అయితే వాళ్లకి తెలిశాక. అందుకని ఇద్దరికీ అక్నాలెడ్జ్‌మెంటు వచ్చేలా పోస్టులో నోటీసు, పైన పేపర్లో ప్రకటన. జీపీఏ పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత హక్కేదైనా ఉంటే మాత్రం ఇంత తేలిగ్గా అవదు, అది అదే చట్టంలో 202వ సెక్షన్ గొడవ.

వీలునామా కూడా అంతే, రాసినాయన మతి స్థిమితంగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రివోక్ చేసుకోవచ్చు. మా దగ్గర కొందరు సంక్రాంతికి కొడుకులొచ్చి వెళ్లాక ఒకసారి మార్పిస్తారు, అది వేరే కథ.

అమ్మేసిన పొలానికి రివోక్ అనే మాట పనికిరాదు. అక్కడ క్యాన్సిలేషన్ డీడ్, దానికి అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే కోర్టు డిక్రీ కావాలి. ఒక్కరే వచ్చి రద్దు చేసేస్తామంటే ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ రూల్సు ఒప్పుకోవు. కొడుకు తిట్టాడని గిఫ్ట్ డీడ్ పట్టుకొచ్చే పెద్దవాళ్లకీ ఇదే చెప్తాం. కాకపోతే చూసుకోవాలనే షరతు మీద ఇచ్చి ఉంటే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద ట్రిబ్యునల్ దాన్ని వాయిడ్, అంటే చెల్లదని ప్రకటించగలదు.

ఇక రద్దు అనే అర్థంలోనే ఇంకో మాట ఉంది, ఆనల్ (annul). ఎక్కువగా పెళ్లి విషయంలోనే వింటాం, అదీ కోర్టు చేసేదే. విడాకులంటే ఉన్న పెళ్లి తెగిపోవడం, ఆనల్ అంటే ఆ పెళ్లే చెల్లదనడం. హిందూ వివాహ చట్టంలో 12వ సెక్షన్.

మీరు రాసిన వాక్యంలో రైలు టికెట్‌ని రివోక్ చేశానన్నారు, అది తప్పు, టికెట్ క్యాన్సిల్ చేస్తాం. ఉద్యోగి సస్పెన్షన్, లైసెన్సు, పాస్‌పోర్టు అయితే ఇచ్చిన ఆఫీసే రివోక్ చేస్తుంది.