641కి లొంగిన 429 కోట్ల సంఖ్య

ప్రశ్న: 2³² + 1, అంటే 429,49,67,297 ప్రధాన సంఖ్యేనా? 3, 7, 11, 13లతో భాగిస్తే శేషం మిగులుతోంది. 2 ఆధారంగా చేసిన ఫెర్మా పరీక్షలోనూ (సంఖ్య ప్రధానమైతే, దానికన్నా ఒకటి తక్కువ ఘాతానికి 2ను పెంచి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి) నెగ్గింది.

జవాబు: కాదండీ. ఇది 641 × 67,00,417. 2¹ + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, అంటే 3, 5, 17, 257, 65,537 తర్వాత అదే వరుసలో వచ్చే ఈ ఆరో సంఖ్య కూడా ప్రధానమేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

మామూలు పద్ధతిలో అయితే 65,536 లోపు ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. అంత శ్రమ అక్కర్లేదు. ఏదైనా ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, దాని లెక్కలో 2³² శేషం −1 (అంటే ఆ భాజకానికి ఒకటి తక్కువ), 2⁶⁴ శేషం 1 అవుతాయి. అంతకన్నా చిన్న ఘాతంలో 1 రాదు కనుక, 64 గుణిజమైన ఘాతాల్లోనే 1 వస్తుంది. ప్రధాన భాజకంలోంచి 1 తీసేసినంత ఘాతంలోనూ శేషం 1 వస్తుంది కాబట్టి, ఆ మిగిలేది 64 గుణిజమై తీరాలి. అలాంటి ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోతుంది!

భాగహారం చేయకుండానే రుజువు చూడండి, ఎంత అందంగా ఉంటుందో. 641 = 5 × 2⁷ + 1. కాబట్టి 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸ శేషం 1. మరోవైపు 641 = 5⁴ + 2⁴. అంటే 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³² శేషం 1, కనుక 2³² + 1 శేషం సున్నా.

ఇక ఫెర్మా పరీక్ష. అందులో 2ను, మీ సంఖ్యకన్నా ఒకటి తక్కువైన 2³² ఘాతానికి పెంచుతాం. ఈ సంఖ్యతో భాగిస్తే 2⁶⁴ శేషం ఎలాగూ 1. 2³² అనేది 64 గుణిజం. సంఖ్య ప్రధానమైనా కాకపోయినా జవాబు 1 రాక తప్పదు. ఈ వరుసలోని సంఖ్యలన్నిటికీ ఇదే బెడద, 2తో పరీక్షిస్తే ఏమీ తేలదు. ఆధారంగా 3 తీసుకోండి, 1 రాదు.

67,00,417 మాత్రం ప్రధానమే. దాని వర్గమూలం సుమారు 2,588. పై నియమానికి లోబడి మిగిలినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113, ఏదీ భాగించదు. కాబట్టి మీ సంఖ్యకు భాజకాలు నాలుగే. తనను మినహాయిస్తే వాటి మొత్తం 67,01,059.

ప్రశ్న: సీ ప్రోగ్రాంలో ఇదే సంఖ్య 1గా మారిపోతోంది. ఎందుకు?

జవాబు: గుర్తు లేని 32 బిట్ల చలరాశిలో పట్టే గరిష్ఠ సంఖ్య 429,49,67,295. ఒకటి కలిపితే 0, ఇంకొకటి కలిపితే 1. 64 బిట్లు వాడితే సంఖ్య పడుతుంది కానీ పై పరీక్షకు అవీ చాలవు. 2ను వర్గం చేసుకుంటూ పోతే 4, 16, 256, 65,536, 2³² వస్తాయి. తర్వాతి 2⁶⁴ సరిగ్గా ఒక్కటంటే ఒక్కటి ఎక్కువై, శేషం తీసేలోపే 0 అయిపోతుంది. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు, అందులో చేసి చూడండి.