చెన్నై తేమలో గేమ్ డిస్కులు: ముందు ఆరబెట్టండి, తర్వాతే మూత పెట్టండి

హైదరాబాద్ నుంచి చెన్నైలోని పెరుంగుడికి మారి మూడు నెలలైందని, పీఎస్2, పీఎస్3 (ప్లేస్టేషన్ కన్సోల్) గేమ్ కేసులు తెరిస్తే లోపల తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయని, డిస్కులు పోయినట్టేనా అని మీరు అడిగారు. కలరా ఉండలు వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి మూసేయమని ఎవరో చెప్పారనీ రాశారు. దయచేసి ఆ పని చేయకండి. డిస్కుల గురించి మాత్రం టెన్షన్ పడకండి, చాలావరకు బతుకుతాయి. ఇదే ఊళ్లో, ఇదే స్థితిలో నావి 31 డిస్కులు పాడైతే వాటిలో 29 మళ్లీ ఆడే స్థితికి వచ్చాయి.

మాది నెల్లూరు, ఉద్యోగం తరమణిలో. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. నీళ్లు గుమ్మం దాకా వచ్చాయనగానే మా ఆవిడ బియ్యం, సర్టిఫికెట్లు పైకి చేరేసింది. నేను 140 దాకా ఉన్న గేమ్ కేసుల్ని రెండు అట్టపెట్టెల్లో సర్ది లాఫ్ట్ మీదికి ఎక్కించాను. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి గానీ ఆ పెట్టెలకు చుక్క నీరు తగల్లేదు. కరెంటు లేకపోవడంతో ఇంటికి తాళం వేసి అంబత్తూరులో మామయ్యగారింటికి వెళ్లిపోయాం. తిరిగొచ్చాక బురద కడుక్కోవడం, మంచాలు, బీరువా బాగుచేయించుకోవడం, ఆ హడావుడిలో లాఫ్ట్ సంగతే మర్చిపోయాను. భోగికి సామాన్లు దించినప్పుడు చూస్తే అట్టపెట్టె అడుగంతా నల్లబడి ఉంది. కేసు తెరిస్తే గేమ్‌తో వచ్చే పుస్తకం మీద తెల్లటి నూగు, డిస్క్ అంచున చిన్న చిన్న చుక్కలు.

వాటిలో ఒక కార్ల రేసింగ్ గేమ్ మా పెదనాన్నగారి అబ్బాయిది. అన్నయ్య ఇప్పుడు లేడు. ఆ గేమ్ పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో మేమిద్దరం పోటీపడి కొట్టిన ల్యాప్ టైమ్‌లు తన చేత్తో తెలుగులో రాసుకున్నాడు. డిస్క్ దక్కింది. ఆ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తుంటే చిరిగిపోయాయి. అందుకే మీకు మొదటి మాట ఇదే చెబుతాను. చేతిరాత ఉన్నవి, మళ్లీ దొరకనివి ఏవైనా ఉంటే ఈ రోజే ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. మిగతా పనులన్నీ తర్వాత.

మన భాషలో మూలల్లో వేలాడేదీ బూజే, పచ్చడి మీద పట్టేదీ బూజే. మీ డిస్కులకు పట్టింది పచ్చడి బూజు జాతి. దానికి తిండి కావాలి, తేమ కావాలి. డిస్క్ పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్, అది దానికి పెద్దగా రుచించే తిండి కాదు. ప్లాస్టిక్‌నే తినే రకం లేదని కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి తెచ్చిన ఒక సీడీని జియోట్రికమ్ జాతి శిలీంధ్రం అంచు నుంచి లోపలికి తొలుచుకుపోయిందని 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కానీ అది అరుదు కాబట్టే వార్త అయింది. మన ఇళ్లలో బూజు తినేది కాగితాన్ని, కవర్ అట్టని, డిస్క్ మీది వేలిముద్రల జిడ్డుని, దుమ్ముని. నా 31 కేసుల్లో ఒక్కదాంట్లో కూడా బూజు డిస్క్ మీద మొదలవలేదు. పుస్తకం దగ్గర మొదలై డిస్క్ మీదికి పాకింది. పుస్తకం లేకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిస్కులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఇది అర్థమయ్యాక మిగతాదంతా తేలిక. గాలి చొరని డబ్బా మంచిదే, కానీ అందులో ఏం పెట్టి మూస్తున్నాం అన్నది ముఖ్యం. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఎంత తడిగా ఉన్నా పట్టగలిగేది 30 గ్రాముల నీటి ఆవిరే. అంటే 30 లీటర్ల డబ్బాలోని గాలిలో ఉండేది ఒక గ్రాము కూడా కాదు. అదే చెన్నై నవంబర్ గాలిలో నానిన కాగితమైతే వంద గ్రాములకు ఐదు గ్రాములకు పైనే నీరు దాచుకుంటుంది. గేమ్ పుస్తకాలు, కవర్లు కలిపి కిలో ఉంటే 50 గ్రాములకు పైగా నీళ్లు మీరే డబ్బాలో పోసి మూత పెట్టినట్టు. మామిడికాయ ముక్కల తడి తుడిచి ఆరబెట్టకుండా ఆవకాయ కలిపి జాడీ కట్టేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. లాఫ్ట్ మీద మూసి ఉంచిన నా అట్టపెట్టెల్లో జరిగింది సరిగ్గా అదే.

కాబట్టి ముందు గాలిలో తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనండి. రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందల్లోనే దొరుకుతుంది. చవకవి ఐదారు శాతం తప్పు చూపిస్తుంటాయి కాబట్టి ఇంట్లోనే సరిచూసుకోవాలి. చిన్న మూతలో ఉప్పు వేసి, అది కరిగిపోకుండా తడి ముద్దలా అయ్యేంత మాత్రమే నీళ్లు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటర్ 79 చూపిస్తే అది నాలుగు ఎక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు ఉంటే బూజుకు వీలు చిక్కుతుంది. 40, 50 మధ్య ఉంటే మనకు నిశ్చింత. నవంబర్‌లో మా ఇంట్లో రాత్రిపూట 84 చూశాను. ఏసీ రెండు గంటలు నడిపితే అదే గది 52కి దిగింది.

ఇక శుభ్రం చేయడం. పని బాల్కనీలో పెట్టుకోండి, ఎన్95 మాస్క్, చేతులకు గ్లౌజులు వేసుకోండి. బూజు పొడి ముక్కులోకి వెళితే ఆస్తమా ఉన్నవాళ్లకు చాలా ఇబ్బంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు నిద్రలేచే లోపే ముగించండి. ఈ పని పూర్తయ్యేదాకా అనుమానం ఉన్న ఏ డిస్కునూ కన్సోల్‌లో పెట్టవద్దు. లోపల తిరిగేటప్పుడు ఆ పొడి లెన్స్ మీద పడుతుంది.

పుస్తకాలు, కవర్ కాగితాలు బయటికి తీసి వేరుగా పెట్టండి. ఖాళీ ప్లాస్టిక్ కేసుల్ని సబ్బు నీళ్లలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో మూలలు రుద్ది, ఎండలో ఆరేయవచ్చు. డిస్కుల్ని మాత్రం ఎండలో పెట్టకండి. వడియాలైనా, పరుపులైనా ఎండలో పెడితే బూజు, పురుగు అన్నీ వదిలిపోతాయని మా అమ్మ నమ్మకం. డిస్క్ విషయంలో అది పనికిరాదు. వేడికి వంగొచ్చు, పైన అచ్చు వెలుస్తుంది. డిస్క్‌ని ముందు పారే నీళ్ల కింద పట్టి పైపైన ఉన్న పొడి, ఇసుక పోగొట్టండి. పొడిగుడ్డతో రుద్దితే అదే ఇసుక గీతలు పెడుతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేలికొనకు రాసుకుని, మధ్య రంధ్రం దగ్గర నుంచి అంచు వైపుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. అడ్డంగా పడిన గీతను డ్రైవ్ చాలావరకు సర్దుకుని చదువుతుంది గానీ, డిస్క్ తిరిగే దారిలోనే పొడవుగా పడిన గీత దగ్గర తడబడుతుంది. చివరిసారి కడగడానికి బోరు నీళ్లు వద్దు. మన దగ్గర బోరు నీళ్లు ఎంత ఉప్పో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఆరాక తెల్లటి మరకలు మిగిలి, బూజు ఇంకా పోలేదేమో అని కంగారు పెడతాయి. డిస్టిల్డ్ వాటర్ బాటిల్ ఒకటి తెచ్చుకోండి. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద నిలబెట్టి కొన్ని గంటలు ఆరనివ్వండి. మచ్చ మొండికేస్తే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద కొద్దిగా వేసి, చదివే వైపు మాత్రమే తుడవండి. బొమ్మ ఉన్న వైపు తుడిస్తే రంగు లేచిపోవచ్చు. అసిటోన్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచేది దగ్గరికి రానివ్వకండి, పాలికార్బొనేట్ తెల్లబారి పగుళ్లిస్తుంది. టూత్‌పేస్ట్ కూడా వద్దు.

పీఎస్2 డిస్కుల్లో అడుగు నీలంగా ఉన్నవి సీడీలు. వాటి విషయంలో అదనంగా జాగ్రత్త పడాలి. సీడీలో డేటా ఉండే అల్యూమినియం పొర బొమ్మ వైపున, పల్చని వార్నిష్ లాంటి పూత కిందే ఉంటుంది. అంటే పైవైపే సున్నితం. వెండి రంగు డీవీడీల్లో అది రెండు ప్లాస్టిక్ పొరల మధ్య, 0.6 మిల్లీమీటర్ల లోతులో భద్రంగా ఉంటుంది. పీఎస్3 బ్లూ-రేలో చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది గానీ పైన గట్టి పూత ఉంది కాబట్టి మామూలు తుడుపుకు భయం లేదు.

తుడిచాక డిస్క్‌ని ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని చూడండి. పైమచ్చ బూజైతే తుడుపుకు పోతుంది. తుడిచినా పోకుండా వెలుతురు తొంగిచూసే చుక్కలు ఉంటే అది అల్యూమినియం పొర దెబ్బతినడం, దాన్నే డిస్క్ రాట్ అంటారు. ఒకటి రెండు సూదిమొన చుక్కలు కొత్త డిస్కుల్లోనూ కనిపిస్తాయి. ఫొటో తీసి పెట్టుకుని ఆర్నెల్ల తర్వాత పోల్చి చూడండి, పెరుగుతుంటేనే సమస్య. నావి రెండు పోయింది అలాగే, రెండూ సీడీలే. దానికి మందు లేదు.

పుస్తకాల్ని ఎండలో కాకుండా, ఏసీ గదిలో పేజీలు విప్పి నిలబెట్టి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక బాల్కనీలో మెత్తటి బ్రష్‌తో నూగు దులపండి. తడిగా ఉన్నప్పుడు దులిపితే అది కాగితంలోకి ఇంకుతుంది. అతుక్కున్న పేజీల్ని నాలాగా లాగకండి. నునుపు కాగితం ఒకసారి అతుక్కుని ఆరితే విడిరాదు. నా మాట వింటే, బాగా బూజు పట్టిన పుస్తకాల్ని మళ్లీ డిస్క్ ఉన్న కేసులోనే పెట్టకుండా విడిగా ఒక డబ్బాలో ఉంచండి. సేకరణ ముచ్చట ఉన్నవాళ్లకు ఇది మింగుడు పడదని తెలుసు. నాకూ కష్టంగానే అనిపించింది.

ఇక దాచే డబ్బా. వంటింట్లో పప్పులు పోసుకునేలాంటివే, రబ్బరు అంచు, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు చాలు. ఒక సాయంత్రం గది తలుపులు మూసి ఏసీ వేయండి. హైగ్రోమీటర్ 50 దగ్గరికి వచ్చాక, కేసులన్నీ తెరిచి మర్నాటిదాకా ఆ గాలిలో ఉంచి, అప్పుడు సర్దండి. డబ్బాకు 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) పల్చటి నూలుగుడ్డ మూటలో కట్టి వేస్తాను. చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు కెమికల్ షాపుల్లో కిలో లెక్కన అమ్ముతారు. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ నుంచి పచ్చకు మారే రకం అడగండి. రంగు మారాక మూట విప్పి, గింజల్ని స్టీల్ పళ్లెంలో పోసి, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనిచేస్తాయి. ఆ పళ్లెం వంటకు వాడకండి. ఒక చిన్న హైగ్రోమీటర్ డబ్బా లోపలే, బయటికి కనిపించేలా పెట్టుకుంటే మూత తెరవకుండానే తెలుస్తుంది. నాది ఇప్పుడు 44 దగ్గరుంది. వానాకాలంలో నెలకోసారి చూస్తాను.

కలరా ఉండలు ఎందుకు వద్దన్నానంటే, వాటి ఆవిరి తేమను తగ్గించదు. పైగా పీఎస్1 కేసుల్లాంటి గాజులా కనిపించే ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బియ్యం వేయమని చెప్పేవాళ్లూ ఉంటారు. ఆ పిండి బూజుకు, పురుగులకు విందు. బీరువాలో వేలాడదీసే, తేమ పీల్చే సంచులు బాగానే లాగుతాయి గానీ, లాగిన తేమ అడుగున ఉప్పు నీరుగా చేరుతుంది. సంచి చిరిగి డిస్కుల మీద కారితే మొదటికే మోసం. మెత్తటి రెక్సిన్ పౌచ్‌లలో డిస్కులు పెట్టినా నెలల తరబడి వేడికి అవి అంటుకుని మసక పొర వదులుతాయి.

ఏసీ గురించి ఒక్క మాట. ఏసీ ఉన్న గదిలో రాక్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆ గాలి నీరుగా మారుతుంది. రాత్రంతా 24లో ఏసీ వేసి, పొద్దున్నే ఆపి కిటికీలు బార్లా తెరిస్తే, చల్లబడిన మీ కేసుల మీద కంటికి కనిపించని చెమ్మ పడుతుంది. రోజూ అదే తంతు. ఏసీ ఆపాక అరగంట, గంట ఆగి కిటికీలు తెరవండి.

మీ రాక్ ఏ గోడకు ఆనుకుని ఉందో మీరు రాయలేదు. బయటి గోడకో, బాత్రూమ్ గోడకో అయితే ఈ రాత్రికే జానెడు ముందుకు జరపండి. అరచేయి ఆ గోడకు ఆనించి చూసి, చల్లగా చెమ్మగా ఉందో లేదో, మీది ఏ అంతస్తో కింద రాయండి. దాన్ని బట్టి డబ్బాలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.