జీతం ఆగితే ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: మాంద్యం వస్తోందని అందరూ అంటున్నారు, భార్యాభర్తలిద్దరూ ఐటీలోనే ఉన్నారు, ఫ్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నారు. ఇప్పుడు ఉద్యోగం, ఖర్చుల విషయంలో ఏం మార్చుకోవాలని మీ ప్రశ్న. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాదు. 2009లో హైదరాబాదులో ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మాంద్యం వచ్చిందో లేదో టీవీ చెప్పేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అమెరికాలో 2007 డిసెంబరులోనే మాంద్యం మొదలైందని అక్కడి ఆర్థికవేత్తల కమిటీ ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 2008 డిసెంబరు 1న. అప్పటికే ఏడాది గడిచిపోయింది, లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు దివాలా తీసి కూడా రెండున్నర నెలలైంది. మన దేశంలో ఆ ఏడు జీడీపీ తగ్గలేదు, పెరిగే వేగం మందగించిందంతే. అయితే నేను చేస్తున్న ప్రాజెక్టు ఓ అమెరికా బ్యాంకు గృహరుణాల విభాగానిది. దేశం ఎలా ఉంటేనేం, నా జీతం తాడు అక్కడ కట్టి ఉంది.

ఆఫీసులో గుర్తులు ముందే కనబడ్డాయి. రెండు క్యాబ్ రూట్లు కలిపి ఒకటి చేశారు. వేరియబుల్ పే సగమే ఇచ్చారు. మానేసినవాళ్ళ సీట్లు ఖాళీగానే ఉంచేశారు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పంపించేశారు. బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చున్న జనం పెరిగారు. ఇవన్నీ చూస్తూ కూడా నేను కారు లోను తీసుకున్నాను. అదీ నా తెలివి.

ఆ దీపావళికి తెనాలి వెళ్ళాం. నాన్నగారికి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఊళ్ళో చేతులు బిగుసుకుంటున్నాయని ఆయనకు ఖాతా పుస్తకం చూస్తేనే తెలిసిపోయేది. కిలో కొనేవాళ్ళు అరకిలోకి దిగేవారు, నెలకోసారి తీర్చేవాళ్ళు రెండు నెలలకు తీర్చేవారు. నేను లేమన్ గురించి పెద్ద ఉపన్యాసం ఇస్తుంటే మధ్యలో ఆపి, "అదంతా నాకు తెలీదు గానీ, నీ జీతం ఆగితే ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుందిరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకం వెనక పేజీలోనే లెక్క వేశాం.

చేతికొచ్చే జీతం 44 వేలు. ఇంటి లోను ఈఎంఐ 17,500. కారు 6,800. చీటీ 5,000. ఇంటి ఖర్చు 12 వేలు. మొత్తం 41,300. బ్యాంకులో ఉన్నది 60 వేలు. అంటే నెలన్నర కూడా సరిగ్గా నడవదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరిగి రాగానే మేం చేసిన మొదటి పని తప్పు పని. పాలు లీటరు నుంచి అర లీటరు చేశాం, పేపరు మాన్పించాం, ఆదివారం చికెన్ రెండు వారాలకోసారి చేశాం. పిల్ల పాల కోసం ఏడ్చేది, నేనూ మా ఆవిడా చిన్న చిన్న వాటికే పోట్లాడుకునేవాళ్ళం. నెలాఖరున చూస్తే మిగిలింది 1,100. పనిమనిషిని కూడా మాన్పించేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నీ ఉద్యోగం ఇంకా పోలేదు, ముందు దాని ఉద్యోగం పీకేస్తావా?" అంది. నాకు సిగ్గేసింది.

అసలు ఊరట ఎక్కడ దొరికిందంటే కారు దగ్గర. నవంబరులో నష్టానికే అమ్మేసి లోను క్లోజ్ చేశాను. ఈఎంఐ పోయింది, పెట్రోలు కూడా తగ్గింది. నిజం చెప్పాలంటే అపార్టుమెంటులో నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ తప్ప ఇంకే ఇబ్బందీ కలగలేదు. తర్వాత చీటీ. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలది. పాట పాడుకుని 85 వేలు తీసుకుని ఎఫ్‌డీ వేశాం. పాడినా నెలనెలా కట్టాలి కాబట్టి ఖర్చేమీ తగ్గలేదు, పైగా పదిహేను వేలు వదులుకున్నట్టు. అయినా ఉద్యోగం పోయాక చీటీ పాడితే జీతగాడి ష్యూరిటీ ఎవరిస్తారు? ఉన్నప్పుడే తీసుకోవడం మంచిదైంది. పాలు మళ్ళీ లీటరు చేశాం. అప్పటికి లెక్క నాలుగు నెలలు దాటింది.

ఇంటి లోను సంగతి కూడా చెప్పాలి. 2008 అక్టోబరులో 9 శాతం ఉన్న రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, రిజర్వు బ్యాంకు 2009 ఏప్రిల్ కల్లా 4.75కి దించింది. నా ఈఎంఐ మాత్రం కదల్లేదు. కొత్తగా తీసుకునేవాళ్ళకు తక్కువ వడ్డీ, నాలాంటి పాతవాళ్ళకు పాత వడ్డీ. బ్రాంచికి వెళ్ళి అడిగి, కన్వర్షన్ ఫీజు కడితేగానీ తగ్గించలేదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాలను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలి కాబట్టి ఇప్పుడు అంత బాధ లేదు. కానీ ఈ ముడి రెండు వైపులా లాగుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.5కి పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ మారకుండా గడువే ఏళ్ళకేళ్ళు పెరిగింది. మీ లోను స్టేట్‌మెంటులో మిగిలిన నెలలు ఎన్నున్నాయో ఒకసారి చూసుకోండి.

మార్చిలో నన్ను హెచ్ఆర్ గదిలోకి పిలిచారు. పది నిమిషాల్లో అయిపోయింది. నెల జీతం ఇచ్చి పంపారు.

మేం లెక్కలో మర్చిపోయింది ఇన్సూరెన్సు. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఉద్యోగంతోనే పోయింది. మే నెలలో అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. 38 వేలు చేతి నుంచి పెట్టాం. అంటే ఈఎంఐ, చీటీ కలిపిన నెల మొత్తం ఖర్చు కంటే ఎక్కువ ఒక్క దెబ్బకు పోయింది. ఆ లోటుకు మా ఆవిడ గాజులు కుదువ పెట్టాం. అందుకే ఎవరికైనా నేను మొదట చెప్పేది, ఉద్యోగం ఉండగానే సొంత హెల్త్ పాలసీ తీసుకోమని. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఏళ్ళలో ఉంటుంది, పోయాక పరిగెడితే లాభం లేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే ఎస్ఐపీ ఆర్నెల్లు ఆగినా ఫర్వాలేదు, ఈ పాలసీని ఆపొద్దు. పీఎఫ్ జోలికి మాత్రం ఆఖరున వెళ్ళండి. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కట్టి గడిపేద్దామనే ఆలోచన అసలొద్దు, వడ్డీ నెలకు మూడు శాతం పైనే.

ఉద్యోగం పోయిందని మొదటి నెల బంధువులకు చెప్పలేదు. పరువు. చెప్పాకే పాత కొలీగ్ ఒకాయన రిఫర్ చేశాడు, జూలైలో పదిహేను శాతం తక్కువ జీతానికి చేరాను. ఈ లోపల ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన మా ఆవిడ అపార్టుమెంటు పిల్లలు ఎనిమిది మందికి ట్యూషన్ మొదలుపెట్టింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. "ఇది నీ కోసం మొదలెట్టింది కాదులే" అంది. 2023లో మళ్ళీ లేఆఫ్‌ల గోల మొదలైనప్పుడు మా ఇంట్లో టెన్షన్ తక్కువగా ఉందంటే దానిక్కూడా కారణం ఆ ట్యూషన్లే.

మీ విషయానికొస్తే, ఇద్దరూ ఐటీ అన్నారు కాబట్టి రెండు జీతాలని లెక్క వేసుకోకండి. ఇద్దరి క్లయింట్లు ఎవరో, ఏ రంగమో చూసుకోండి. ఒకే రంగమైతే రెండూ ఒకే వారంలో ఆగొచ్చు. ఇప్పుడు హైక్ కోసం కంపెనీ మారడం నేనైతే చేయను. మారిన కొత్తలో తీసేయడం తేలిక. చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నా చేరే తేదీ నెలలకు నెలలు వాయిదా పడినవాళ్ళను 2009లో చాలామందిని చూశాను. ఉన్నచోటే క్లయింటుకు తప్పనిసరి అయిన పనిలోకి జరగండి, అది ఎంత పాతదైనా.

ఫ్లాట్ మాత్రం, కడుతున్నదైతే, ఆపమనే అంటాను. చేరేదాకా అద్దె ఒకవైపు, బ్యాంకు వడ్డీ ఒకవైపు. ముందు ఓ మూడు నెలలు ఇద్దరిలో తక్కువ వచ్చేవారి జీతంతోనే ఇల్లు నడిపి, రెండో జీతం ముట్టుకోకుండా చూడండి. 2023లో మేం అలాగే చేశాం, రెండో నెలకే ఎక్కడ బిగుతుగా ఉందో తెలిసిపోయింది. అప్పటికీ కొనాలనిపిస్తే కొనండి. మీరు బిల్డరుకు ఇప్పటికే ఎంత ఇచ్చారో రాయలేదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ చెప్తుంది. అంతకు మించి ఇచ్చి ఉంటే ఆ వివరం, రసీదు మీద ఏం రాశారో కూడా కింద రాయండి, చూద్దాం.