మోకాలికి పాత దెబ్బ ఉంది.. క్లిప్‌లెస్ పెడల్స్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. రెండేళ్లుగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. ఇప్పటిదాకా మామూలు పెడల్సే వాడాను. నాలుగేళ్ల క్రితం మెట్లు దిగుతుంటే కుడి మోకాలు మెలితిరిగి లోపలి వైపు మెనిస్కస్ (ఎముకల మధ్య కుషన్‌లా ఉండే మృదులాస్థి) కొద్దిగా చిరిగింది. ఆపరేషన్ అవసరం లేకుండా ఫిజియోథెరపీతోనే తగ్గింది. ఇప్పుడు నొప్పి లేదు కానీ, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు కాస్త పట్టేసినట్టు ఉంటుంది. క్లిప్‌లెస్ పెడల్స్, అంటే షూను పెడల్‌కు లాక్ చేసేవి, కొందామనుకుంటున్నాను. పవర్ వృథా కాకూడదంటే ఫ్లోట్ (పాదం పక్కలకు కదిలే వెసులుబాటు) లేని క్లీట్ (షూ అడుగున బిగించే లాక్ ముక్క) తీసుకోమని తోటి సైక్లిస్టులు అంటున్నారు. సిగ్నల్ దగ్గర షూ ఊడిరాక పడిపోతానేమోనన్న టెన్షన్ కూడా ఉంది. నాకు ఎలాంటివి మంచివి?

జవాబు: వాడొచ్చు. మోకాలు వాయకుండా, ఉన్నట్టుండి ఇరుక్కుపోకుండా ఉందంటే పాత మెనిస్కస్ దెబ్బ ఒక్కటే ఈ పెడల్స్‌కు అడ్డు కాదు. కానీ ఫ్లోట్ లేని క్లీట్ జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. ఆ సలహా ఇచ్చిన మిత్రుల మోకాళ్లు వేరు, మీ మోకాలు వేరు.

ఎందుకో చెబుతాను. సైకిల్ తొక్కేటప్పుడు మోకాలు ముడుచుకుని చాచుకోవడమే కాదు, దాని కింది ఎముక ప్రతి చుట్టులోనూ కొద్దిగా అటూ ఇటూ తిరుగుతుంది. మామూలు పెడల్ మీద పాదం ఆ కదలికకు తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటుంది. షూ అడుగున క్లీట్ బిగించి పెడల్‌లో లాక్ చేశాక ఆ వెసులుబాటు పోతుంది. క్లీట్ లాక్ అయి ఉన్నా మడమ కొన్ని డిగ్రీలు పక్కలకు కదిలేలా వదిలిన ఖాళీనే ఫ్లోట్ అంటాం. అదీ లేకపోతే పాదం దగ్గర ఆగిపోయిన మెలి పైకి, అంటే మోకాలిలోకి వెళ్తుంది. నిమిషానికి 85 చుట్లు తొక్కితే గంటకు 5,100 సార్లు. వంగిన మోకాలి మీద బరువు, దానికి తోడు మెలి.. మెనిస్కస్‌కు అసలు పడని కలయిక ఇదే.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. షూకి మూడు బోల్టులతో బిగించే షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ క్లీట్లలో ఎరుపు అంటే ఫ్లోట్ సున్నా, నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు. లుక్ కియోలో నలుపు సున్నా, బూడిద రంగు 4.5, ఎరుపు 9 డిగ్రీలు. ఒక కంపెనీలో అసలు కదలనిది, ఇంకో కంపెనీలో అన్నిటికన్నా ఎక్కువ కదిలేది, రెండూ ఎరుపే! ఈ మూడు బోల్టుల రకమే కొంటే మీకు పసుపు షిమానో గానీ, బూడిద రంగు లుక్ గానీ సరిపోతుంది. ఎక్కువ ఫ్లోట్ ఉంటే మోకాలికి అంత మేలు అనుకోవడం కూడా సరికాదు. పాదం జారుతున్నట్టు అనిపించి, దాన్ని నిలబెట్టడానికి కండరాలు బిగుసుకునేవాళ్లూ ఉంటారు.

ఇక పవర్ సంగతి. స్కీయింగ్ బైండింగ్‌లు (బూటును స్కీకి బిగించే లాక్‌లు) తయారుచేసే లుక్ కంపెనీ 1984లో ఈ పెడల్స్ తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ సైక్లిస్టు బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచాడు. అప్పటి నుంచి ఇది రేసర్ల సరుకు అన్న పేరు పడింది. స్ప్రింట్‌లో, లేచి నిలబడి తొక్కేటప్పుడు పాదం జారకపోవడం నిజంగానే లాభం. మామూలు వేగంతో నిలకడగా తొక్కేవాళ్లకు మాత్రం శక్తి పెద్దగా ఆదా కాదు. పెడల్‌ను పైకి లాగుతూ తొక్కితే బలం రెట్టింపవుతుందన్న మాటా అంతే. కాబట్టి ఫ్లోట్ వదులుకుని మీరు సంపాదించేది ఏమీ లేదు.

ఏ రకం కొనాలి అంటే, సిగ్నల్స్ గురించి మీరే రాశారు కాబట్టి నా ఓటు షిమానోలోనే రెండు బోల్టులతో బిగించే ఎస్‌పీడీ రకానికి. మౌంటెన్ బైకుల కోసం వచ్చిన రకమైనా రోడ్ బైక్‌కూ నిక్షేపంగా సరిపోతుంది. రెండు వైపులా లాక్ అయ్యే మోడల్ తీసుకుంటే కిందికి చూసి పెడల్ తిప్పుకునే పని ఉండదు. మౌంటెన్, టూరింగ్ షూలలో క్లీట్ అడుగు భాగంలోకి దిగి ఉంటుంది కాబట్టి నడవడమూ తేలిక. దీనికి ఎస్‌హెచ్-56 అనే మల్టీ రిలీజ్ క్లీట్ దొరుకుతుంది. మడమను పక్కకు తిప్పితేనే కాక, ఇతర దిశల్లో గట్టిగా లాగినా ఊడుతుంది. చిక్కల్లా ఈ క్లీట్ చిన్నది. షూ అడుగు మెత్తగా ఉంటే ఒత్తిడంతా ఒకేచోట పడి అరికాలు మండుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గట్టి అడుగున్న షూ, అదీ వేళ్ల దగ్గర వెడల్పుగా ఉన్నది చూసుకోండి. ఎక్కువగా ఆగకుండా గంటల తరబడి తొక్కేవాళ్లయితే వెడల్పాటి మూడు బోల్టుల రకమే హాయి. ఏది కొన్నా షూకి ఎన్ని రంధ్రాలున్నాయో ముందు చూడండి.

పెడల్ తెచ్చుకోగానే దాని పట్టు ఎంత గట్టిగా ఉండాలో మార్చే టెన్షన్ స్క్రూను పూర్తిగా వదులు చేయండి. మడమను బయటికి తిప్పి విడిపించుకోవడమంటే మోకాలిని మెలితిప్పడమే. అది ఎంత తక్కువ బలంతో అయితే మీకు అంత మంచిది. ఇంకోటి, ఆగిన ప్రతిసారీ ఎడమ కాలే తీసి కింద పెట్టడం అలవాటు చేసుకోండి. కుడి మోకాలికి ఆ తిప్పుడు రోజుకు ఒకటి రెండు సార్లకు మించి ఉండదు.

నా దగ్గరికి వచ్చే సైక్లిస్టుల్లో చాలామందికి తేడా చేసేది పెడల్ కంపెనీ కాదు, క్లీట్ బిగించిన తీరు. షూ వేసుకుని బొటనవేలి వెనక, చిటికెన వేలి వెనక పొడుచుకొచ్చిన ఎముకలను చేత్తో తడిమి, షూ మీద పెన్నుతో గుర్తులు పెట్టండి. పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యకు రావాలి. కొంచెం వెనక్కి జరిగినా ఫర్వాలేదు, పిక్కకూ వేళ్లకూ అది సుఖమే. ముందుకు మాత్రం జరపొద్దు. కోణం కోసం ఎత్తయిన బల్ల అంచున కూర్చుని కాళ్లు వదిలేయండి. చాలామందికి రెండు పాదాలూ ఒకేలా వేలాడవు. మీ కుడి పాదం కొంచెం బయటికి తిరిగి ఉంటే, పెడల్‌లో లాక్ అయ్యాక కూడా పాదం ఆ కోణంలోనే ఉండేలా క్లీట్ బిగించాలి. ఫ్లోట్‌కు రెండు వైపులా ఖాళీ మిగలాలి. అందం కోసం రెండు క్లీట్లనూ నిటారుగా పెట్టేవాళ్లను చూస్తుంటాను, అది వద్దు.

షూ, పెడల్ మారితే సీటు ఎత్తు లెక్క కూడా కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండేలా మళ్లీ సరిచేయించుకోండి. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తే సీటు కిందికి ఉందేమో, మోకాలి వెనక లాగుతుంటే మరీ పైకి ఉందేమో ముందుగా అనుమానించాలి. నొప్పి లోపలి వైపో బయటి వైపో వస్తే క్లీట్ కోణం చూడాలి.

పడటం గురించి: మొదట గోడ పట్టుకుని, తర్వాత ఖాళీ మైదానంలో పెట్టడం, తీయడం సాధన చేయండి. సైకిల్ ఆగాక కాదు, ఆగబోయే ముందే కాలు విడిపించాలి. అయినా పడి చేతి మీద ఆనుకుంటే, బొటనవేలి మొదట్లో మణికట్టు గుంటలో నొప్పి ఉందేమో చూసుకోండి. అక్కడి స్కాఫాయిడ్ ఎముక విరిగినా తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయించాలి.

మొదటి రెండు మూడు వారాలు దూరం తగ్గించి, తేలిక గేర్లలో తొక్కండి. మోకాలు వాచినా, ఇరుక్కుపోయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టనిపించినా ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి, మళ్లీ ఎమ్మారై అవసరం కావచ్చు. షూ విప్పిన గంట తర్వాత కూడా వేళ్ల తిమ్మిరి వదలకపోతే క్లీట్లను తిట్టుకుంటూ కూర్చోకుండా షుగర్ పరీక్ష చేయించుకోండి, నడుం దగ్గర నరం ఒత్తుకుంటోందేమో కూడా చూడాల్సి వస్తుంది.

క్లీట్లు అరిగాక పాదం అదుపు లేకుండా ఊగుతుంది, ఒక్కోసారి దానంతటదే ఊడిపోతుంది కూడా. మార్చేటప్పుడు పాతది విప్పకముందే దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుని, కొత్తదాన్ని ఆ గీతలోనే బిగించండి.